గచ్చిబౌలి, గంభీరం, బన్నేరుఘట్ట రోడ్డు: ఎంబీఏ ఫారం నింపే ముందు ఒక చుట్టు

ఐఐఎంలలో (కేంద్ర ప్రభుత్వ మేనేజ్‌మెంట్ సంస్థలు) ప్రవేశానికి రాసే క్యాట్ పరీక్ష రిజిస్ట్రేషన్ ఆగస్టు మొదట్లో తెరుస్తారు, సెప్టెంబరు నడిమికల్లా మూసేస్తారు. పరీక్ష నవంబరు చివరి ఆదివారం. క్యాంపస్‌లు చూసి రావాలనుకుంటే జూలై, ఆగస్టు నెలలే సరైనవి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెండేళ్ళ కోర్సుల జూనియర్లు ఇంటర్న్‌షిప్‌లకు వెళ్ళిపోతారు, సీనియర్లు అప్పటికే పట్టా పుచ్చుకుని ఉంటారు. ఆ ఎండల్లో వెళ్తే భవనాలు కనిపిస్తాయి గానీ మాట్లాడటానికి మనిషి దొరకడు.

టికెట్లు కొనేముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే ప్రతి కాలేజీ, తాను సమర్పించిన డేటాను పీడీఎఫ్‌గా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో పీజీ రెండేళ్ళ కోర్సు పట్టిక తీయండి. ఒక వరుసలో ఎంతమంది చేరారు, గడువులోగా ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మీడియన్ జీతం (జీతాలన్నీ వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంత, పై చదువులకు ఎందరు వెళ్ళారు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. 120 మంది పూర్తిచేసి 84 మందికే ఉద్యోగం వచ్చిందని ఉంటే, పై చదువులకు వెళ్ళినవారిని తీసేసి మిగిలినవారి సంగతేమిటని క్యాంపస్‌లో అడగాలి. బ్రోషర్‌లో కనిపించేది సగటు జీతం. నలుగురికి పెద్ద ప్యాకేజీలు వస్తే సగటు పైకి లేస్తుంది, మీడియన్ అంత తేలిగ్గా కదలదు. నమ్మాల్సింది మీడియన్‌నే.

చుట్టు హైదరాబాద్‌తో మొదలుపెట్టండి. గచ్చిబౌలిలోని ఐఎస్‌బికి (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) రాయదుర్గం మెట్రోలో దిగి క్యాబ్‌లో వెళ్ళొచ్చు. ముందుగా అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ రాసి అనుమతి తీసుకోండి, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఈ నియమం ఏ క్యాంపస్‌కైనా పాటించాల్సిందే. చెప్పాపెట్టకుండా ఆదివారం వెళ్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి రావాల్సి వస్తుంది. ఇక్కడి ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సు పీజీపీకి జీమ్యాట్ లేదా జీఆర్ఈ అనే అంతర్జాతీయ పరీక్షల్లో ఒకదాని స్కోరు, కనీసం 24 నెలల ఉద్యోగానుభవం కావాలి. ఇంటి దగ్గరే చదువుకోవచ్చనే ఆశతో దరఖాస్తు పెట్టేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఐఎస్‌బికి మొహాలీలోనూ క్యాంపస్ ఉంది, సీటు అక్కడ రావచ్చు.

అదే రోజు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ కూడా చూడొచ్చు. ఇదీ గచ్చిబౌలిలోనే, ప్రవేశం క్యాట్ స్కోరుతోనే. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు భారం చాలా తక్కువ. మనవాళ్ళు దీన్ని పట్టించుకోకుండా దూరాలు వెళ్ళడం బాధాకరం. అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవారు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ)ను వదలకండి. బస విషయానికొస్తే, గచ్చిబౌలి హోటళ్ళలో కంపెనీల తాకిడి వల్ల పనిరోజుల్లో రేట్లు ఎక్కువ. కొండాపూర్ వైపు రోజు లెక్కన గది ఇచ్చే పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళు అడిగితే దొరుకుతాయి.

విశాఖకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే తెల్లవారేసరికి దిగుతారు. ఐఐఎం విశాఖపట్నం 2015లో మొదలై ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో నడిచింది. గంభీరంలోని శాశ్వత క్యాంపస్ ప్రారంభోత్సవం 2024 ఫిబ్రవరిలో జరిగింది. కాబట్టి పాత బ్యాచ్‌లు హాస్టల్, మెస్ గురించి చెప్పిన మాటలు ఇప్పటికి పనికిరావు, కళ్ళతో చూసి రావాల్సిందే. బీచ్ రోడ్డులో దిగితే రానుపోను చాలా సమయం పోతుంది, మధురవాడలో గది తీసుకోండి. క్యాంపస్ నుంచి గదికి తిరిగి రావడానికి వెళ్ళిన క్యాబ్‌నే ఆపుకోవడం మేలు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: కంపెనీలు క్యాంపస్‌కే వస్తున్నాయా, ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లోనా? జవాబు సీనియర్ల దగ్గర తీసుకోండి, ఆఫీసులో కాదు.

బెంగళూరుకు కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ బాగుంటుంది. కర్నూలు, అనంతపురం వాళ్ళకూ అక్కరకొస్తుంది. కాకపోతే చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ రోజే ఆఫీసు పని పెట్టుకోకండి, ట్రాఫిక్‌లోనే పొద్దు పోతుంది. యశ్వంత్‌పూర్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి, ఆర్‌వీ రోడ్డులో యెల్లో లైన్‌కు మారి, జయదేవ హాస్పిటల్ స్టేషన్‌లో దిగితే బన్నేరుఘట్ట రోడ్డు మీద ఉంటారు. అక్కడి నుంచి ఐఐఎంకి ఆటో. బసకు బీటీఎం లేఅవుట్ నయం, తెలుగు మెస్‌లకు లోటుండదు. బి.వి. దోషి కట్టిన ఆ రాతి నడవాలు మనసు లాగేస్తాయి, కానీ దరఖాస్తు నిర్ణయం వాటిని చూసి తీసుకోకూడదు.

ఇక్కడ తేల్చుకోవాల్సింది మార్కుల లెక్క. ఐఐఎం బెంగళూరు ఇంటర్వ్యూకు పిలిచే షార్ట్‌లిస్ట్‌లో పదో తరగతి, ఇంటర్ మార్కులకూ బరువుంది. ఇంటర్‌లో 1000కి 960 వచ్చాయి కదా అని మనవాళ్ళు ధీమాగా ఉంటారు. అయితే మీ మార్కును మీ బోర్డు 90వ పర్సంటైల్ మార్కుతో (నూటికి తొంభై మంది అంతకు తక్కువ తెచ్చుకున్న మార్కు) భాగించి చూస్తారు. మన బోర్డులో అది 97 శాతం అనుకుందాం, మీ 96 విలువ 0.99. వేరే బోర్డులో అది 91 అయితే, అక్కడ 90 తెచ్చుకున్నవాడూ మీతో సమానమే. ఏటా వచ్చే ప్రవేశ విధానం పత్రం చదివి ఈ లెక్క ముందే వేసుకోండి.

ఐఐఎంలున్న కోల్‌కతా జోకాకు, అహ్మదాబాద్‌కు ఈ దశలో ప్రయాణం అక్కర్లేదు. ఐఐఎంలకు క్యాట్ ఫారంలోనే టిక్ పెడతారు, టిక్‌కు విడిగా రుసుము లేదు. పిలుపు వచ్చాక ఆలోచించవచ్చు. డబ్బు, శ్రమ విడిగా పడే చోట్ల ముందే తేల్చుకోవాలి: ఐఎస్‌బికి జీమ్యాట్, దరఖాస్తుతో రాసే వ్యాసాలు; జంషెడ్‌పూర్‌లోని మేనేజ్‌మెంట్ కాలేజీ ఎక్స్ఎల్ఆర్ఐకి జనవరిలో జరిగే క్సాట్ (XAT) పరీక్ష. హెచ్ఆర్ వైపు వెళ్ళాలనుకునేవారికి ఎక్స్ఎల్ఆర్ఐ ఖర్చు వృథా కాదు.

తిరిగొచ్చాక బ్యాంకుకు వెళ్ళండి. ఎస్‌బీఐ స్కాలర్ లోన్‌లో కాలేజీలను జాబితాలుగా విడగొట్టారు. మీరు ఎంచుకున్నది ఏ జాబితాలో ఉందో దాన్ని బట్టి హామీ లేకుండా ఎంత ఇస్తారో తేలుతుంది. బీసీ అభ్యర్థులు మరో సంగతి చూసుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాల్లో కొన్ని కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. కేంద్ర జాబితాలో ఉన్నవారు మీసేవలోనో సచివాలయంలోనో కేంద్ర నమూనాలోని నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. రాష్ట్ర నమూనాలోది అప్‌లోడ్ చేస్తే పత్రాల పరిశీలనలో ఆగిపోతుంది. దీనికి ఆగస్టులోనే దరఖాస్తు పెట్టండి, చేతికి రావడానికి రోజులు పడుతుంది.