‘కివా’ కార్యక్రమం: ఏడిపించేవాడి కంటే ముందు చూస్తున్నవాళ్ళని పట్టుకుంటుంది

బడిలో తోటివాణ్ణి ఏడిపించడం మీద వచ్చే కార్యక్రమాలు చాలావరకు ఏడిపించేవాడికి నీతులు, ఏడ్చేవాడికి ఓదార్పు. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘కివా’ మాత్రం వెనక బెంచీలో తల దించుకు కూర్చున్నవాళ్ళతో మొదలవుతుంది. దీనికి పునాది క్రిస్టినా సాల్మివల్లి బృందం 1996లో ప్రచురించిన పరిశోధన. చుట్టూ ఉన్నవాళ్ళలో చెయ్యి కలిపేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, పట్టనట్టుండేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు ఉంటారని తేల్చారు. ‘అప్పుడు నోరు విప్పి ఉంటే’ అన్న బాధ ఆ పట్టనట్టున్నవాళ్ళని పెద్దయ్యాక కూడా వదలకపోవచ్చు.

కివాలో చిన్నపిల్లలకి రెండు భాగాలు, పెద్ద తరగతులకి మూడోది. 10–12 ఏళ్ళవాళ్ళ భాగంలో 10 పాఠాలు. నెలకొకటి, ఒక్కోటి రెండు 45 నిమిషాల పీరియడ్లు. చర్చ, నటించి చూపడం, కంప్యూటర్ ఆట, చివర తరగతి పెట్టుకునే ఒక నియమం. విరామంలో కాపలా ఉండే టీచర్లకి మెరిసే కోటు కూడా ఇస్తారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ‘పెద్దవాళ్ళు ఇక్కడే ఉన్నారు’ అని దూరం నుంచే తెలుస్తుంది.

అసలు సరుకు ఫిర్యాదు వచ్చాక బయటపడుతుంది. ముగ్గురు పెద్దల జట్టు ముందు బాధపడ్డ పిల్లవాడితో మాట్లాడుతుంది. తర్వాత ఏడిపించినవాళ్ళతో ఒక్కొక్కరిగా, ఆపైన ఆ ఏడిపించినవాళ్ళందరినీ కలిపి కూర్చోబెట్టి. ఒకటి రెండు వారాలకి మళ్ళీ పిలిచి చూస్తుంది. ఈలోగా క్లాసు టీచరు, తరగతిలో మాట చెల్లే పిల్లల్ని ఇద్దరి నుంచి నలుగురిని పక్కకి పిలిచి బాధపడ్డ పిల్లవాడికి తోడుండమంటారు. తగవులోకి దిగమని ఎవరినీ అడగరు. మాకు బాగా నచ్చిన భాగం ఇదే. పక్కనున్న పిల్లలు కదిలితే ఎంత తేడా ఉంటుందో కెనడా ఆటస్థలాల్లో చిత్రీకరించి చూసిన పరిశీలన 2001లో వచ్చింది. అందులో తోటిపిల్లలు అడ్డుపడ్డది 19 శాతం సంఘటనల్లోనే, కానీ అడ్డుపడ్డప్పుడు 57 శాతం సార్లు 10 సెకన్లలోపే ఆగిపోయింది.

ఎక్కడ చెడుతుందంటే, రెండో పిలుపు ఎగ్గొట్టినప్పుడు. ‘నీ గురించి ఎవరు చెప్పారో తెలుసా’ అని పేరు బయటపెడితే ఇంకా ఘోరం, ఆ ఏడాదికి ఆ క్లాసులో ఇంకెవరూ నోరు విప్పరు. పై తరగతుల్లో ఫలితం తక్కువని ఫిన్లాండ్‌లోనే తేలింది. మన దగ్గర తొమ్మిది, పదికి పెడితే రెండో నెలకే లెక్కల మాస్టారు ఆ పీరియడ్ అడిగేస్తారు. నాలుగు, ఐదు తరగతుల్లో మొదలుపెట్టడమే మేలు.

కివాని కొనే స్తోమత లేని బడి ఆ నలుగురు పిల్లల పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు. అయితే ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పి వదిలేస్తే పని జరగదు. ‘సోమవారం నుంచి శుక్రవారం దాకా నీ క్యారేజీ వాడి పక్కన కూర్చుని విప్పు’ అని చెప్పాలి, శుక్రవారం సాయంత్రం ఎలా జరిగిందో అడగాలి.