గుడ్ల లెక్కలకు జీఎల్ఎమ్ఎమ్‌టీఎమ్‌బీ: వాడినవాడి మాట

పరీక్షించాల్సిన మందు (రసాయనం) కలిపిన మేత తిన్న పక్షులు ఎన్ని గుడ్లు పెట్టాయి, వాటిలో ఎన్ని పిల్లలయ్యాయి అన్నది తేల్చడం నా పని. అందుకు ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో నేను వాడే ఉచిత ప్యాకేజీ ఈ జీఎల్ఎమ్ఎమ్‌టీఎమ్‌బీ (glmmTMB). ఈ రకం డేటాకు ఇంతకంటే మంచిది నాకైతే దొరకలేదు.

రసాయనాల పరీక్షలకు పద్ధతులు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 1984లో ఇచ్చిన 206వ పరీక్షా పద్ధతినే తీసుకోండి. బాబ్‌వైట్ కౌజులకో, జపనీస్ కౌజులకో, మల్లార్డ్ బాతులకో కనీసం 20 వారాలు మందు మేత పెడతారు. చివరికి గుడ్ల లెక్కలు కుప్పగా చేతికొస్తాయి. అయితే మందు పెట్టింది పంజరంలోని పక్షులకు. ఒకే పంజరం గుడ్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఒక్కో గుడ్డునీ విడి సాక్ష్యంగా లెక్కేస్తే, లేని ప్రభావం కూడా ఉన్నట్టు తేలుతుంది.

దీనికి పాత పరిష్కారం ఒకటుంది: పంజరానికో శాతం తీసి, ఆర్క్‌సైన్ మార్పు (శాతాలను మామూలు పరీక్షలకు సరిపడేలా మార్చే లెక్క) చేసి, గ్రూపుల సగటులను పోల్చే అనోవా, ఆపైన ఒక్కో డోసునూ మందు పెట్టని గ్రూపుతో పోల్చే డన్నెట్ పరీక్ష. నాకిది నచ్చదు. 2 గుడ్లలో 1 పిల్లయినా, 40 గుడ్లలో 20 పిల్లలైనా 50 శాతమే. రెండిటినీ ఒకేలా నమ్మడం ఎలా?

ఈ ప్యాకేజీలో పిల్లలైనవి, కానివి రెండు కాలమ్‌లుగా ఇచ్చి, ఫ్యామిలీ (డేటా ఏ రకమో చెప్పే చోటు) దగ్గర బీటాబైనామియల్ అని, అంటే పిల్లలయ్యే అవకాశం పంజరానికో రకంగా ఉండొచ్చని, రాస్తే చాలు. గుడ్ల సంఖ్యా లెక్కలోకి వస్తుంది, పంజరాల మధ్య తేడా కూడా వస్తుంది. ఇలాంటి మోడళ్లకే వాడే మరో ఆర్ ప్యాకేజీ ఎల్ఎమ్ఈ4లో ఈ సౌకర్యం లేదు. నాకు ప్రాణమైనది మాత్రం డిస్ప్‌ఫార్ములా, అంటే చెదురు (విలువల మధ్య తేడా) దేన్నిబట్టి మారుతుందో చెప్పే చోటు. ఎక్కువ డోసులో కొన్ని పక్షి జతలు మామూలుగానే ఉంటాయి, కొన్ని పూర్తిగా దెబ్బతింటాయి. సగటు ఒక్కటే చూస్తే ఈ సంగతి బయటపడదు. డిస్ప్‌ఫార్ములాలో డోసు పెడితే ఆ చెదురు ఎంత పెరిగిందో అంకెల్లో కనిపిస్తుంది. పెట్టిన గుడ్ల సంఖ్యకైతే బాగా చెదిరిన లెక్కలకు సరిపడే నెగటివ్ బైనామియల్ ఉంది, అసలు గుడ్లే పెట్టని జతలు ఎక్కువైతే ఆ అదనపు సున్నాలను విడిగా లెక్కేసే జీరో ఇన్‌ఫ్లేషన్ ఉంది. కంట్రోల్‌తో (మందు పెట్టని గ్రూపుతో) పోలికలు ఈమీన్స్ అనే ప్యాకేజీ చేసిపెడుతుంది, మోడల్ సరిపోయిందో లేదో ధర్మ ప్యాకేజీతో చూసుకోవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. పై డోసులో ఒక్క గుడ్డూ పిల్ల కాకపోతే అంచనా అదుపు తప్పుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలోని అనిశ్చితి) విపరీతంగా పెరుగుతుంది. హెస్సియన్ (అంచనా స్థిరంగా కుదిరిందో లేదో చూపే మాత్రిక) గురించి ఒక హెచ్చరిక కూడా రావచ్చు. అది చూసి కొత్తవాళ్లు టెన్షన్ పడతారు, ఆ వాక్యం చదివితే ఏం చేయాలో ఎవరికీ తోచదు. ఈమధ్య వెర్షన్లలో ప్రయర్స్ (అంచనా హద్దు దాటకుండా ముందే ఇచ్చే సమాచారం) ఇచ్చే వీలుంది కాబట్టి దారి ఉంది. డోసుతోపాటు ప్రభావం పెరుగుతుందని అనుకుని చేసే విలియమ్స్ పరీక్ష మాత్రం ఇందులో సిద్ధంగా దొరకదు.

గ్రూపుకు పంజరాలు పదో పన్నెండో ఉన్నప్పుడు సమ్మరీలోని పీ విలువలను (ప్రభావం లేకున్నా ఇలాంటి తేడా యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యతలను) నేరుగా రిపోర్టులో పెట్టకండి. అవి ఉండాల్సినదానికంటే చిన్నవిగా వస్తుంటాయి. పారామెట్రిక్ బూట్‌స్ట్రాప్ (మోడల్ నుంచే పదేపదే డేటా పుట్టించి పోల్చడం) చేసి, ఆ తర్వాతే రాయండి.