హనుమకొండలో పదడుగుల రికార్డింగ్ గది: డప్పుకు సరే, హార్మోనియానికి కష్టం

ఇంట్లోని బెడ్‌రూమునే స్టూడియోగా మార్చి గంటల లెక్కన అద్దెకిచ్చే గది ఇది. పొడవు 10 అడుగులు, వెడల్పు 10 అడుగులు, స్లాబు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. మైకులు రెండు, షూర్ ఎస్ఎం57లు. మైకును వాయిద్యానికి దగ్గరగా పెడితే గదితో పనే లేదని నడిపేవాళ్లు చెబుతారు. డప్పు విషయంలో ఆ మాట చాలావరకు నిజమే.

డప్పు, మైకు రెండూ నేలకు 3 అడుగుల ఎత్తులో, వాటి మధ్య 6 అంగుళాల ఎడం ఉందనుకోండి. నేరుగా వచ్చే శబ్దం అర అడుగు నడిస్తే, నేలకు తగిలి వచ్చేది 6 అడుగులు నడుస్తుంది. పన్నెండు రెట్ల దూరం కాబట్టి అది 22 డెసిబెల్స్ దాకా తగ్గే చేరుతుంది. మైకును 2 అడుగులకు జరిపితే ఆ తేడా 10 డెసిబెల్సే. అప్పుడు రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుని 130 హెర్ట్జ్ దగ్గర దాదాపు 3 డెసిబెల్స్ గుంట పడి డప్పు దెబ్బ పలచబడుతుంది. ఇది ఒక్క నేల సంగతే, ఇంకా నాలుగు గోడలూ స్లాబూ ఉన్నాయి. అలాగని 2 అంగుళాలకు తెస్తే బాస్ ఉబ్బుతుంది, సిర్ర (డప్పు కొట్టే కర్ర) మైకుకు తగులుతుంది. 5, 6 అంగుళాలే సరైన ఎడం.

గది అసలు లోపం కొలతల్లోనే ఉంది. మూడు వైపులా 10 అడుగులే కావడంతో 56, 113 హెర్ట్జ్ దగ్గర మూడు వైపుల అనునాదాలూ (గది తనంతట మోగే స్థాయిలు) ఒకదాని మీద ఒకటి పడతాయి. వాయించేవారిని గది నట్టనడుమ కూర్చోబెడుతున్నారు. అక్కడ 56 మాయమై 113 మోగిపోతుంది, డోలక్ ఎడమ ముఖం (బాస్ పలికేది) గుయ్యిమంటుంది. ఒక గోడకు 3 అడుగుల 9 అంగుళాలు, పక్క గోడకు 4 అడుగుల పైచిలుకు దూరానికి జరగమనండి, మొదటి టేకులోనే తేడా తెలుస్తుంది.

ఫోమ్ అంగుళం మందమే, అదీ వాయించేవారి ఎదుటి గోడకు అంటించారు. అటువైపు ఉన్నది మైకు వీపు, ఎస్ఎం57 కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) కాబట్టి అక్కడి శబ్దాన్ని ఎలాగూ తక్కువే తీసుకుంటుంది. మైకు చూసేది వాయించేవారి వెనక గోడను, అది బోసిగా ఉంది. ఇంటి నుంచి రెండు మందపాటి బొంతలు తెచ్చుకుని ఆ గోడకు నాలుగంగుళాలు ఎడంగా వేలాడదీయండి. నేల మీద పరిచిన కొత్తవాడ జంపఖానా బాగుంది కానీ అది పై స్థాయి (సన్నని) శబ్దాలనే మింగుతుంది, 113 జోలికి పోదు. దానికి మూలల్లో కనీసం 4 అంగుళాల రాక్‌వూల్ (రాతి ఉన్ని) నింపాల్సిందే, ఆ ఖర్చు యజమాని పెట్టుకోవాలి.

హార్మోనియం మాత్రం ఇక్కడ వద్దు. దాని శబ్దం ఒక్క చోటు నుంచి రాదు, పెట్టె అంతటి నుంచీ వస్తుంది. 6 అంగుళాల్లో మెట్ల టకటక, తిత్తి ఊపిరి ముందుకొస్తాయి. సమంగా పట్టాలంటే అడుగు, అడుగున్నర దూరం కావాలి, అక్కడ గది వినిపిస్తుంది. ఆ ట్రాక్‌ను కంప్రెసర్‌తో (పెద్ద శబ్దాలను తగ్గించే సాధనం) 6 డెసిబెల్స్ అణిచి మళ్లీ పైకి లేపితే గది మోత కూడా అంతే లేస్తుంది, ఈక్యూతో (స్థాయిలవారీగా శబ్దాన్ని పెంచి తగ్గించే సాధనం) విడదీయలేరు.

బయట వాకిలి ఉండటం డప్పు వాళ్లకు పెద్ద వెసులుబాటు. తోలు కాచుకుని వెంటనే లోపలికి రావచ్చు. ఏసీ గదిలో తోలు చల్లబడి స్థాయి దిగుతుంది కాబట్టి గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో ఆ మోతాదు) ముందే సరిచూసుకుని, కాచిన డప్పు చేతికి రాగానే రికార్డ్ నొక్కమని చెప్పండి.