లాక్స్‌టన్ విజిటర్ సెంటర్, పొలాల నడక: నా రివ్యూ

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు వీకెండ్ వస్తే షెర్‌వుడ్ అడవికి వెళ్తారు. దానికి దగ్గర్లోనే ఉన్న లాక్స్‌టన్ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. మాది తెనాలి వైపు వ్యవసాయ కుటుంబం. గట్టు తగాదాలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఈ ఊరు నన్ను కట్టిపడేసింది.

విజిటర్ సెంటర్ అంటే డవ్‌కోట్ ఇన్ అనే పబ్ ఆవరణలో చిన్న గది, అంతే. టికెట్ లేదు. చెప్పేవాళ్లూ లేరు, బోర్డులు మనమే చదువుకోవాలి. పిల్లలకి బోర్ కొడుతుంది.

అసలు సంగతంతా పొలాల్లో ఉంది. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఇంగ్లండ్‌లో వేల ఊళ్లలో అందరి చెక్కలూ కలిసి ఉన్న పొలాలని విడగొట్టి కంచెలు వేశారు. ఇక్కడ వెస్ట్, మిల్, సౌత్ అని మూడు పెద్ద పొలాలు ఇప్పటికీ కంచె లేకుండా ఉన్నాయి. ఒక్కో రైతుకి అక్కడో చెక్క, ఇక్కడో చెక్క. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు ఇంకో పైరు, మూడో ఏడు బీడు. నవంబర్ ఆఖర్లో రైతుల జ్యూరీ గోధుమ పొలమంతా తిరిగి హద్దుల్లో కర్రలు పాతుతుంది. దారి కలిపేసుకుని దున్నినవాళ్లకి ఊరి కోర్టే జరిమానా వేస్తుంది. మా ఊళ్లో ఇలాంటిది ఉండుంటే ఎన్ని కుటుంబాలు మాట్లాడుకుంటూ ఉండేవో!

మార్క్ పియర్స్ 1635లో గీసిన ఊరి పటం ఫోన్‌లో పెట్టుకుని నడవండి. అందులోని సన్నటి చెక్కలే కనిపిస్తాయని మాత్రం అనుకోకండి. 20వ శతాబ్దం మొదట్లో చాలావాటిని కలిపేశారు.

పాత దుక్కి ఆనవాళ్లు కావాలంటే పచ్చికబయళ్లు చూడాలి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు వరసగా మిట్టాపల్లం తేలతాయి. పల్లంలో అడుగు పెడితే నేల చెమ్మగా ఉంటుంది. ఆ వరసలు తిన్నగా ఉండవు, చివర్లో మెల్లగా వంపు తిరుగుతాయి. ఎద్దుల జతలు బారుగా కట్టిన నాగలిని మళ్లించాలంటే ముందునుంచే పక్కకి తిప్పుకోవాలి కదా. తరతరాల దుక్కిలో ఆ మలుపు నేలకి అచ్చుపడిపోయింది. నేను అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

విజిటర్ సెంటర్‌కి 5కి 3, పొలాలకి 5కి 5. ఇవి సాగులో ఉన్న భూములు, పైర్లు తొక్కకుండా దారి వెంటే నడవండి. వాన పడితే బంకమట్టి, గట్టి బూట్లు లేకుండా వెళ్లొద్దు.