కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్ చదువు: ఫీజు తక్కువ, పని ఎక్కువ

అమెరికాలోని కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలు) ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. యూనిట్ అంటే కోర్సు ఎంత పెద్దదో చెప్పే కొలత. మామూలు మూడు యూనిట్ల కోర్సుకు 138, దాని మీద హెల్త్ ఫీజు, ఇంకా ఒకటి రెండు చిల్లర ఫీజులు. 2012 నుంచి ఈ రేటు మారలేదు. ఇక్కడ పిల్లల స్విమ్మింగ్ క్లాసులకు ఎంత కడుతున్నామో తెలిసినవాళ్లకు ఇది ఎంత చవకో వేరే చెప్పక్కర్లేదు. అందుకే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు ఓ ఆన్‌లైన్ క్లాసు తీసుకోండి" అనే సలహా తరచూ తిరుగుతూ ఉంటుంది. సలహా మంచిదే. కాకపోతే ఇచ్చేవాళ్లలో చాలామంది ఆ క్లాసులు చదివినవాళ్లు కారు. హెచ్4 మీద (హెచ్1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) వచ్చి, సెమిస్టర్ తర్వాత సెమిస్టర్ ఇవే చదువుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను చదివేది ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్, అంటే బడి ఈడు రాని పిల్లలకు చెప్పే చదువు. లైసెన్స్ ఉన్న ప్రీస్కూల్లో పూర్తి అర్హత ఉన్న టీచర్ అనిపించుకోవాలంటే ఈ రాష్ట్రంలో 12 యూనిట్లు, కొంత అనుభవం ఉండాలి. ఆరు యూనిట్లు పూర్తయితే ఉద్యోగంలో చేరి, మిగతావి సెమిస్టర్‌కి కనీసం రెండు యూనిట్ల చొప్పున చదువుకోవచ్చు. చదువుకోవడానికి హెచ్4 చాలు, వీసా మార్చుకోనక్కర్లేదు. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ (పని చెయ్యడానికి అనుమతి కార్డు) ఉండాల్సిందే.

ఆ 46 డాలర్లు రాష్ట్ర నివాసి కింద లెక్కపడ్డవాళ్లకే. హెచ్4 వాళ్లు ఇక్కడ ఏడాది పైగా ఉండి, కాగితాలు చూపిస్తే నివాసి కింద తీసుకుంటారు. డ్రైవింగ్ లైసెన్స్, రాష్ట్ర ట్యాక్స్ రిటర్న్, ఇంటి లీజు అడిగారు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు ఈ వెసులుబాటు లేదు. కొత్తగా వచ్చినవాళ్లు తొందరపడి చేరితే చాలా కాలేజీల్లో యూనిట్‌కి మూడు వందల డాలర్ల పైనే పడుతుంది. ఏడాది ఆగితే పోయేదేమీ లేదు.

ఇక టైము సంగతి. చాలా క్లాసులకు లైవ్ ఉండదు. పాఠాలు, అసైన్‌మెంట్లు అన్నీ ఉండే క్యాన్వాస్ అనే సైట్‌లో ప్రతి సోమవారం కొత్త మాడ్యూల్ తెరుచుకుంటుంది, ఆదివారం రాత్రి 11:59కి మూసుకుంటుంది. పిల్లల్ని పడుకోబెట్టి చదువుకోవచ్చు, నిజమే. కానీ ఒక యూనిట్ అంటే సెమిస్టర్ మొత్తం మీద కనీసం 48 గంటల పని అని లెక్క. మూడు యూనిట్లు 16 వారాల్లో చదివితే వారానికి తొమ్మిది గంటలు. అదే కోర్సు 8 వారాల క్లాసుగా తీసుకుంటే పద్దెనిమిది. "త్వరగా అయిపోతుంది కదా" అని చిన్న సెమిస్టర్ క్లాసులు రెండు పెట్టుకున్నవాళ్ల టెన్షన్ నేను దగ్గరి నుంచి చూశాను. పైగా చిన్న క్లాసుల్లో ఫీజు వెనక్కి తీసుకునే గడువు కోర్సు నిడివిలో పదో వంతే. అంటే సిలబస్ తెరిచి ఊపిరి పీల్చుకునేలోపు దాటిపోతుంది.

ఈ చదువులో నాకు బాగా నచ్చిన సంగతి ఒక అసైన్‌మెంటుతో తెలిసింది. ప్రీస్కూల్‌కి వెళ్లి ఒక పిల్లాణ్ణి గమనించి, చూసింది చూసినట్టు రాయాలి. రన్నింగ్ రికార్డ్ అంటారు. "బాబుకి కోపం వచ్చింది, బ్లాకులు విసిరేశాడు" అని రాశాను. ప్రొఫెసర్ ఆ వాక్యం పక్కనే వ్యాఖ్య పెట్టింది: కోపం నీకెలా కనిపించింది? చేతులు ఎలా ఉన్నాయి, ముఖం ఎటు తిరిగి ఉంది, విసిరే ముందు ఏం జరిగింది, అది రాయి. నోట్సు మళ్లీ తీసి చూస్తే అసలు కథ అందులోనే ఉంది. పక్క పాప అడక్కుండా ఎర్ర బ్లాకు లాక్కుంది. బాబు రెండుసార్లు చెయ్యి చాపాడు. టీచర్ వేరే వైపు ఉంది. మూడోసారి విసిరాడు. అలా తిరగరాసిన తర్వాత వాడు కోపిష్టివాడిలా కాక, తన మాట ఎవరూ వినిపించుకోని పిల్లాడిలా కనిపించాడు. డిగ్రీ మూడేళ్లూ గైడు బట్టీపట్టి పేజీలు నింపినదాన్ని. నా వాక్యం పట్టుకుని ఎవరైనా అలా నిలదీయడం అదే మొదటిసారి. 138 డాలర్లు అక్కడే తీరిపోయాయి అనుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో గొడవలైనప్పుడు కూడా "ఎవరు మొదలుపెట్టారు" అని అడగడం తగ్గించి, అంతకు ముందు ఏం జరిగిందో అడుగుతున్నాను. పిల్లలకు ఇది అంత నచ్చలేదు, ఫిర్యాదు చెయ్యడం కష్టమైపోయింది.

డిస్కషన్ బోర్డుల గురించి అంత గొప్పగా చెప్పలేను. బుధవారానికి ఒక పోస్టు, ఆదివారానికి ఇద్దరికి జవాబులు. సగం మంది "నీ పోస్టు చాలా బాగుంది, నేనూ ఒప్పుకుంటాను" దగ్గరే ఆగిపోతారు. ఈ మధ్య చాట్‌జీపీటీ వచ్చాక పోస్టులన్నీ ఒకే మనిషి రాసినట్టు ఉంటున్నాయి. కానీ ఒక్కోసారి మంచి చర్చ తగుల్తుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే తినడం అనే అంశం మీద, మా ఇళ్లల్లో ఐదేళ్లొచ్చినా అమ్మో అమ్మమ్మో ముద్దలు కలిపి పెడతారని, అది చేతకానితనం కిందకి రాదని రాశాను. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకావిడ, మెక్సికో కుటుంబం నుంచి వచ్చిన ఇంకొకావిడ వాళ్ల నానమ్మల సంగతులతో పేజీలు రాశారు. ప్రొఫెసర్ వచ్చి, ప్రీస్కూల్లో ఇలాంటి పిల్లలు చేరినప్పుడు తల్లిదండ్రుల్ని తప్పుపట్టకుండా ఎలా మాట్లాడాలో చర్చ పెట్టింది. టెక్స్ట్‌బుక్‌లో ఆ అధ్యాయం కన్నా ఆ వారం ఎక్కువ నేర్చుకున్నాను.

అన్ని క్లాసులూ ఇలా ఉండవు. ఒకదాంట్లో వీడియోలన్నీ పాతవి, అందులో చెప్పే తేదీలకీ క్యాన్వాస్‌లో తేదీలకీ పొంతన లేదు. ఈమెయిల్‌కి జవాబు లేదు. మార్కులు సెమిస్టర్ చివర్లో ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, ఒక్క వ్యాఖ్య లేకుండా. అదే కాలేజీ, అదే ఫీజు. కాబట్టి కాలేజీ పేరు చూసి కాదు, చెప్పేవాళ్లని చూసి చేరండి. విద్యార్థులు ప్రొఫెసర్ల మీద సమీక్షలు రాసే రేట్ మై ప్రొఫెసర్స్ సైట్‌లో నేను స్టార్లు పట్టించుకోను. "ప్రతి అసైన్‌మెంటుకీ ఫీడ్‌బ్యాక్ ఇస్తారు" అని ఎవరైనా రాశారా అని వెతుకుతాను. "మార్కుల్లో చాలా స్ట్రిక్ట్" అని ఏడ్చినవాళ్ల సమీక్షలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

మొదటి వారం లాగిన్ అయి పరిచయం పోస్టు పెట్టకపోతే క్లాసులోంచి తీసేస్తారు. ఇదేం చాదస్తం అనిపిస్తుంది కానీ కారణం ఉంది. విద్యార్థులకిచ్చే ఆర్థిక సాయం డబ్బు కొట్టేయడానికి దొంగ పేర్లతో ఆన్‌లైన్ క్లాసుల్లో సీట్లు నింపేసే ముఠాలు ఈ కాలేజీలకు పెద్ద తలనొప్పి అయ్యాయి. అసలు విద్యార్థులు వెయిట్‌లిస్టులో ఉండిపోతున్నారు. వెయిట్‌లిస్టులో ఉన్నా సరే మొదటిరోజే ప్రొఫెసర్‌కి మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి; తీసివేతలయ్యాక ఖాళీలు వస్తాయి. అప్పటికీ దొరక్కపోతే కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్ ఎక్స్ఛేంజ్ అనే సైట్‌లో చూడండి. మన కాలేజీలో విద్యార్థిగా ఉంటూనే, ఇందులో చేరిన వేరే కాలేజీ ఆన్‌లైన్ క్లాసు తీసుకోవచ్చు. పుస్తకాల ఖర్చు లేని క్లాసులకు షెడ్యూల్‌లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ అని గుర్తు ఉంటుంది. అది చూసుకోకపోతే కొన్నిసార్లు ఫీజు కన్నా పుస్తకమే ఎక్కువవుతుంది.

వేసవిలో ఇండియా వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇక్కడి ఆదివారం రాత్రి 11:59 అంటే విజయవాడలో సోమవారం మధ్యాహ్నం 12:29. వినడానికి బోలెడు టైము దొరికినట్టే ఉంటుంది. అత్తగారింట్లో సోమవారం పొద్దున చుట్టాలు వచ్చి కూర్చున్నప్పుడు "నాకు క్విజ్ ఉంది, లోపలికి వెళ్తాను" అనడం ఎంత కష్టమో అనుభవిస్తే తెలుస్తుంది. నేను ఆదివారం సాయంత్రానికే అప్‌లోడ్ చేసేదాన్ని.

థియరీ క్లాసులు ఆన్‌లైన్‌లో అయిపోతాయి కానీ ప్రాక్టికమ్ కాదు. పగటిపూట పిల్లల మధ్య నిలబడి చెయ్యాలి. టీబీ పరీక్ష, టీకాల కాగితాలు ముందే ఇవ్వాలి. బడికెళ్లే వయసు రాని బిడ్డ ఇంట్లో ఉంటే ఆ గంటలకు ఎవరు చూసుకుంటారో మొదటి క్లాసుకి రిజిస్టర్ అవ్వకముందే ఇంట్లో మాట్లాడుకోండి. మా ఆయన ఆఫీసు వేళలు కుదరక నేను ప్రాక్టికమ్‌ని ఒక సెమిస్టర్ వెనక్కి జరుపుకున్నాను.