శ్రవణా నక్షత్రాన్ని అత్తయ్య తిరుపతిలో చూశారు

శ్రవణం శ్రీవారి జన్మ నక్షత్రం. మా అత్తయ్య నలభై ఏళ్లుగా శ్రవణం రోజు ఒంటిపూట ఉంటారు. ఆ నక్షత్రం ఆకాశంలో ఎక్కడుంటుందో మాత్రం మొన్న అక్టోబరులోనే, అలిపిరి దారిలోని రీజనల్ సైన్స్ సెంటర్ ప్లానెటేరియంలో మొదటిసారి చూశారు.

దర్శనం హాయిగా జరిగింది. కొండ దిగాకే మొదలైంది గొడవ. బస్టాండు దగ్గర ఒక లాడ్జికి ఫోన్ చేస్తే రూము 24 గంటలకు 1,800 అన్నారు. తెల్లారి 5 గంటలకు డబ్బు కట్టించుకుని, తాళం చేతిలో పెడుతూ, "మాది ఎనిమిది టు ఎనిమిది అమ్మా, మూడు గంటల్లో ఖాళీ చెయ్యాలి" అన్నాడు కౌంటర్లో మనిషి. గీజరు పనిచెయ్యదు, బకెట్ వేన్నీళ్లకు 40. మోకాళ్ల నొప్పులతో అత్తయ్య మెట్ల మీదే కూలబడ్డారు. చివరికి ఇంకో 900 లాగి సాయంత్రం దాకా ఉండనిచ్చాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందట! తిరుపతిలో రూము తీసుకునేటప్పుడు ఖాళీ చెయ్యాల్సిన టైము రసీదు మీద రాయించుకోండి. రాయనంటే అక్కణ్ణించి వచ్చెయ్యండి. మా ఆయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

సైన్స్ సెంటర్‌కు వెళ్దామన్నది ఇంటర్ చదివే మా అమ్మాయి. ఆటోకు 200. నాలుగు టికెట్లూ కలిపినా ఆ 900 దరిదాపుల్లోకి కూడా రాలేదు.

లోపల దీపాలు మెల్లగా ఆరిపోయి, గుండ్రటి కప్పు నిండా చుక్కలు పరుచుకున్నాయి. తిరుపతి వీధి దీపాల కింద పదో వంతు కూడా కనిపించవు ఇవి. రాత్రంతా జరిగే తిరుగుడును రెండు నిమిషాల్లో తిప్పి చూపించారు. చుక్కలన్నీ తూర్పున లేచి పడమట దిగుతున్నాయి, ధ్రువం ఒక్కటే కదల్లేదు. తిరుపతి అక్షాంశం దాదాపు పదమూడున్నర డిగ్రీలు కాబట్టి ధ్రువం కూడా ఉత్తరాన అంతే ఎత్తులో, సరిగ్గా కొండల వైపే ఉంటుందని చెప్పారు. పాఠంలో బొమ్మ గీసి ఎన్నిసార్లు చెప్పినా నాకు ఎక్కని విషయం ఇది.

తర్వాత ఎర్రటి బాణం గుర్తు నడినెత్తిన మూడు చుక్కల దగ్గర ఆగింది. నడిమిది బాగా ప్రకాశంగా ఉంది. "ఇది గరుడ మండలం, ఈ మూడూ శ్రవణం" అన్నారు. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "స్వామి నక్షత్రం గరుడుడి మీదే ఉందే!" అన్నారు గొంతు తగ్గించి. ఆ నడిమి చుక్క వెలుగు మన దాకా రావడానికి సుమారు 17 ఏళ్లు పడుతుందట. "అవ్వా, నేను పుట్టినప్పుడు బయల్దేరిన వెలుగు ఇప్పుడొస్తోంది" అంది మా అమ్మాయి. మా ఆయన అప్పుడు నవ్వారు, ఆ రోజుకు మొదటిసారి.

పంచాంగంలో నక్షత్రాలు చూసుకునే పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి. పిల్లలకు మాత్రమే అనుకోవద్దు. తెలుగులో చెప్పే షో ఏ టైముకో ముందే కనుక్కోండి.

మర్నాడు పలమనేరులో ఏడున్నరకు మేడ ఎక్కాం. మూడు చుక్కలూ అక్కడే ఉన్నాయి, నడినెత్తి నుంచి కాస్త పడమటికి ఒరిగి. అన్నం చల్లారిపోతోందని పిలిచినా అత్తయ్య కిందికి రాలేదు.