శ్రీకాకుళంలో సొంత ప్రాక్టీసు: ఓపీ క్లినిక్ మేలా, పది పడకల నర్సింగ్ హోమ్ మేలా?

పీజీ పూర్తిచేసి శ్రీకాకుళంలోనే స్థిరపడదామనుకునే డాక్టరు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇది. డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల రెండు గదులు అద్దెకు తీసుకుని ఓపీ మాత్రమే చూడాలా? బ్యాంకు అప్పుతో పది పడకలు వేసి నర్సింగ్ హోమ్ తెరవాలా? డాక్టర్ల లెక్కలు చూసే పని నాది. ఫిజీషియన్, పిల్లల డాక్టరు, చర్మ డాక్టరు లాంటివారు మొదటి కొన్నేళ్లు ఓపీతోనే నడపడం మేలని నా గట్టి నమ్మకం.

రోజుకు 30 మంది, మనిషికి 300 రూపాయల ఫీజు, నెలకు 25 రోజులు అనుకుందాం. నెలకు 2,25,000, ఏడాదికి 27 లక్షలు. నర్సింగ్ హోమ్ వసూళ్ల పక్కన ఇది చిన్నగానే కనిపిస్తుంది. కానీ ఈ డబ్బు ఏ రోజుది ఆ రోజే చేతికొస్తుంది. అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు బిల్లు పోను మిగిలింది మీదే. ఎవరి దగ్గరా బకాయి కోసం తిరగనక్కర్లేదు.

పన్ను కూడా తేలిక. ఆదాయపు పన్నులో 44ఏడీఏ అని అందరూ పిలిచే పద్ధతిలో, ఏడాది వసూళ్లు 50 లక్షలు మించకపోతే అందులో కనీసం సగం ఆదాయంగా చూపించి పన్ను కట్టేయొచ్చు. నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే ఈ పరిమితి 75 లక్షలు. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు ఎక్కువగా నోట్లే ఇస్తారు కాబట్టి, మన దగ్గర 50 లక్షల గీతనే నమ్ముకోవాలి. బిల్లింగులో రెండు విషయాలు మాత్రం మొదటి రోజు నుంచే పాటించాలి. వారం లోపు మళ్లీ చూపించుకుంటే ఫీజు తీసుకోకపోవడం చాలా క్లినిక్‌లలో ఉన్నదే. ఆ విజిట్‌ను కూడా సున్నా రూపాయలతో రిజిస్టర్‌లో రాయాలి, లేదంటే చూసిన రోగుల లెక్కకూ రసీదుల లెక్కకూ పొంతన కుదరదు. రెండోది మందుల షాపు. డాక్టరు ఫీజుకు జీఎస్టీ లేదు, ఓపీ రోగికి అమ్మే మందులు మాత్రం జీఎస్టీ పరిధిలోకి వస్తాయి. షాపు అమ్మకం వ్యాపారం, ఫీజు వృత్తి ఆదాయం. రెండూ కలిపి ఒకే చీటీ మీద '850' అని రాసిస్తే ఏది ఏదో తర్వాత ఎవరూ విడదీయలేరు.

ఇక నర్సింగ్ హోమ్. 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్, ఆసుపత్రి వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం, రాత్రి డ్యూటీ డాక్టరు, మూడు షిఫ్టుల నర్సులు. పడకలు నిండినా నిండకపోయినా ఈ ఖర్చు ఆగదు.

డబ్బు మూడు దారుల్లో వస్తుంది. నగదు దారిలో ఒక రోగి నుంచి, ఒక అడ్మిషన్‌కు, 2 లక్షలు లేదా ఆపైన నోట్లుగా తీసుకోకూడదు. రెండు మూడు రోజుల్లో విడతలుగా తీసుకున్నా అదే తప్పు. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు. పంట డబ్బు చేతికొచ్చాక నోట్ల కట్టతో వచ్చే కుటుంబానికి ఈ సంగతి అడ్మిషన్ రోజే మర్యాదగా చెప్పి, బ్యాంకు ద్వారా కట్టమనాలి.

ఇన్సూరెన్స్ దారిలో పేషెంట్లు మన ఊళ్లో ఇంకా తక్కువే. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి 3 గంటల్లో ఇవ్వాలని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. అయినా గ్లవ్స్, సిరంజిల లాంటి వాటికి కోతలుంటాయి. పైగా ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ సంస్థ 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటుంది. లక్ష క్లెయిమ్‌కు ఖాతాలో పడేది 90 వేలు, మిగతాది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

అసలు బరువంతా మూడో దారిలో ఉంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. 'కార్డు మీద చేస్తారా బాబూ?' అన్నది ఇక్కడ పడకలున్న ప్రతి ఆసుపత్రికీ ఎదురయ్యే ప్రశ్న. పరీక్షలు, ఆపరేషన్, భోజనం, డిశ్చార్జ్ అయ్యాక 10 రోజుల మందులు అన్నీ ప్యాకేజీలోనే. పైన ఒక్క రూపాయి కూడా రోగిని అడగకూడదు. పేదవాడికి ఇంత మేలు చేసే పథకాన్ని నేను ఎన్నడూ వద్దనను. కానీ ప్రభుత్వం నుంచి ఆసుపత్రికి చెల్లింపులు ఆలస్యమవుతాయి. 2025లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలే ఆపేశాయి. మీ నెల ఖర్చు 6 లక్షలు, అందులో సగం స్కీము డబ్బుతో గడవాలి అనుకోండి. ఆరు నెలలు బిల్లులు ఆగితే 18 లక్షలు ఎక్కడినుంచో తేవాలి. బ్యాంకు ఈఎంఐ మాత్రం ఆగదు. అందుకే, ఎంత డబ్బు కోసం ఆరు నెలలు ఆగగలరో అంతవరకే స్కీము కేసులు ఉండేలా చూసుకోమని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతాను.

అప్పు టెన్షన్‌లో ఉన్న డాక్టరుకు ఖాళీ పడక కనిపించినప్పుడు ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. ఇంటికి పంపాల్సిన జ్వరాన్ని అడ్మిట్ చేసుకోవాలనిపిస్తుంది. పేషెంట్లను తెచ్చే ఆర్ఎంపీ కమీషన్ అడిగితే కాదనలేని పరిస్థితి వస్తుంది. కేసు పంపినందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు 2002 నాటి వృత్తి నియమావళిలోనే నిషేధం. చట్టం ఒప్పుకోని ఖర్చు పన్ను లెక్కలోనూ నిలవదు. చివరికి ఆ కమీషన్ భారం రోగి బిల్లు మీదే పడుతుంది. దీన్ని నేను ఏ కారణంతోనూ సమర్థించలేను.

ఉద్దానంలో కిడ్నీ రోగులను చూసే నెఫ్రాలజిస్టుకు నా సలహా వర్తించదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కావాల్సిన కుటుంబాలు చేతి డబ్బుతో నెట్టుకురాలేవు, అక్కడ పడకలూ స్కీమూ ఉండాల్సిందే. సర్జన్లకు, గైనకాలజిస్టులకు మూడో పద్ధతి ఒకటుంది. ఓపీ సొంత క్లినిక్‌లో, ఆపరేషన్ వేరేవారి ఆసుపత్రిలో. అప్పు ఉండదు, చేసిన పనికి ఫీజు వస్తుంది. ఆ ఫీజు మీద ఆసుపత్రి 10 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది కాబట్టి నెలనెలా కేసులవారీగా స్టేట్‌మెంట్ తీసుకోవాలి. మీ ఫీజు ఆసుపత్రి బిల్లులోనే ఒక వరుసగా కనిపించాలి. థియేటర్ బయట రోగి బంధువుల దగ్గర విడిగా కవరు తీసుకోకూడదు. ఈ రెండు షరతులూ మొదటి కేసుకు ముందే కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.